చిరాగ్ అలీ గల్లీ నుంచి బహదూర్‌పురా దాకా: హైదరాబాదులో చిన్న ధ్వనిముద్రణ శాల - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగు సాహిత్య చరిత్ర రచన అచ్చుయంత్రాన్ని, ప్రచురణకర్తను, పత్రికను ఆధారాలుగా స్వీకరించినంతగా ధ్వనిముద్రణను స్వీకరించలేదు. 1930లలో ఒక ఉద్యోగి సొంత చొరవతో మొదలుపెట్టిన రేడియో కేంద్రం నుంచి నేటి పాతబస్తీలోని ఒంటిగది స్టూడియో వరకు హైదరాబాదులో స్వతంత్ర ధ్వనిముద్రణ నడిచిన దారిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శ్రవ్యపుస్తకాన్ని తయారుచేసే చిన్న స్టూడియో ఒక రకమైన పాఠపరిష్కరణ చేస్తుందని, ఆ పని ఫలితాన్ని భద్రపరిచే చట్టబద్ధమైన ఏర్పాటు లేకపోవడం పరిశోధనకు నష్టమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ధ్వనిముద్రణ, దక్కన్ రేడియో, కాసెట్, శ్రవ్యపుస్తకం, పాతబస్తీ, ఉచ్చారణ, నిక్షేపం.

1. ప్రస్తావన

1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికను వెలువరించారు. తెలంగాణలో కవులు పూజ్యమన్న వ్యాఖ్యకు జవాబుగా 354 మంది కవుల వివరాలను, పద్యాలను ఒకచోట చేర్చిన ఆ సంపుటం సాహిత్య చరిత్ర విద్యార్థులందరికీ పరిచితమే. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే అదే నగరంలో, ఆబిడ్స్ సమీపంలోని చిరాగ్ అలీ గల్లీలో, తంతితపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ 200 వాట్ల చిన్న రేడియో కేంద్రాన్ని సొంతంగా నడుపుతున్నారు. మొదటి సంఘటనకు మన చరిత్ర గ్రంథాల్లో అధ్యాయాలున్నాయి. రెండవది రేడియో చరిత్రకారుల పాదసూచికల్లో మిగిలిపోయింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. లెక్కలోకి ఎక్కనిదాన్ని లేదని చెప్పడం ఎంత సులభమో 1934 నాటి తెలుగువారికి అనుభవంలోకి వచ్చింది. ధ్వని విషయంలో మనమింకా ఆ సంచికకు ముందు దశలోనే ఉన్నామని నా అభిప్రాయం.

అచ్చు విషయంలో పరిశోధకుడికి కొన్ని చట్టాల సాయం ఉంది. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం బ్రిటిషిండియాలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రభుత్వానికి చేరే ఏర్పాటు చేసింది. దాని ఉద్దేశంలో నిఘా కూడా ఉన్నప్పటికీ, ఆ నమోదుల ఆధారంగానే మద్రాసు రాజధానిలోని తెలుగు పుస్తకాల చరిత్రను రాయగలుగుతున్నాం. నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించదు. అందువల్ల తెలంగాణ ముద్రణ చరిత్ర రాసేవారికి గ్రంథాలయాలు, వ్యక్తిగత సేకరణలు, పత్రికల ప్రకటనలే దిక్కయ్యాయి. ధ్వనిముద్రణ చరిత్రకు ఆ పాటి దిక్కు కూడా కరువు.

2. చిరాగ్ అలీ గల్లీ

మహబూబ్ అలీ కేంద్రం ఎక్కువ కాలం స్వతంత్రంగా నిలవలేదు. 1935 ఫిబ్రవరి 3 నుంచి అది నిజాం ప్రభుత్వ కేంద్రంగా, దక్కన్ రేడియోగా ప్రసారాలు సాగించింది. 1948 సెప్టెంబరు 17న మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రజలనుద్దేశించి మాట్లాడింది ఈ రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న అది భారత ప్రభుత్వానికి దక్కి ఆకాశవాణిలో భాగమైంది. ఒక వ్యక్తి అభిరుచిగా మొదలైన పరికరం పదిహేనేళ్లలో రెండు రాజ్యాల వాణి అయింది.

దక్కన్ రేడియోలో ప్రధాన భాష ఉర్దూ. తెలుగు, మరాఠీ, కన్నడాలకు దక్కింది స్వల్ప సమయమే. ఆనాటి పరిపాలన, ఉన్నత విద్య ఉర్దూలో సాగినందువల్ల ఇందులో ఆశ్చర్యం లేదు. బహిరంగ సభకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రోజులవి. సభలో మాట్లాడాలన్నా అనుమతి కావాలి, గాలిలో మాట్లాడాలన్నా కావాలి. ఆ రాజ్యంలో గొంతు ప్రభుత్వ పరిధిలోని వస్తువు. స్వాతంత్ర్యానంతరం కూడా ప్రసారం ప్రభుత్వ గుత్తాధిపత్యంగానే సాగింది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పేదాకా ఆ స్థితి మారలేదు. అయితే ప్రసారం వేరు, ముద్రణ వేరు. ప్రసారానికి లైసెన్సు కావాలి. ముద్రణకు యంత్రం చాలు, అది అందుబాటు ధరకు వస్తే.

3. మద్రాసు పళ్లెం

ఆ యంత్రం చాలాకాలం అందుబాటులో లేదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్‌జాన్ గొంతును ముద్రించిన నాటి నుంచి, 1908లో కలకత్తాలో రికార్డుల కర్మాగారం వెలిసిన నాటి నుంచి, గ్రామఫోను పెద్ద పెట్టుబడి వ్యాపారం. తెలుగు రంగస్థల పద్యాలు, హరికథలు, కీర్తనలు ఎక్కువగా మద్రాసులో లక్క పళ్లేలకెక్కాయి. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు నాటకం చేరని ఊళ్లకు కూడా చేరాయి. ఒక వైపు దాదాపు మూడు నిమిషాలు మాత్రమే పట్టే పళ్లెం పద్యం ఎత్తుగడను, ఆలాపన నిడివిని ఎలా కుదించిందో వేరుగా పరిశీలించదగిన విషయం. దానిని ఇక్కడ స్పృశించి వదిలేస్తున్నాను. మన ప్రస్తుతాంశానికి కావలసింది ఒక్కటే. తెలుగు ధ్వనిముద్రణకు కేంద్రం మద్రాసు కావడం వల్ల, సినిమా పరిశ్రమ హైదరాబాదుకు తరలినప్పుడు స్టూడియోలు కూడా దానితోపాటే వచ్చి అమీర్‌పేట, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపున స్థిరపడ్డాయి. గాయకులు, వాద్యకారులు, డబ్బింగ్ కళాకారులు ఆ చుట్టుపక్కలే ఇళ్లు వెతుక్కున్నారు. మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీ ఈ పటంలో లేదు.

దీర్ఘవచనాన్ని వినే అలవాటు తెలుగువారికి లేదనలేం. పురాణపఠనం, హరికథ, ఆకాశవాణి నాటకం ఆ అలవాటును పోషించాయి. ఘంటసాల తన జీవితపు చివరి దశలో పాడిన భగవద్గీతలో శ్లోకానికీ తాత్పర్యానికీ ఒకే గొంతు పలకడం గమనించాలి. ఆ రికార్డును నేడు చావు ఇంటి ముందు వినిపించే ఆచారంగా మార్చుకున్నాం. ఒక శ్రవ్యగ్రంథం ఏ సందర్భానికి అంటుకుపోతుందో దాన్ని తయారుచేసినవారి చేతిలో లేదు.

4. కాసెట్

1963లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన కాసెట్‌లో నాలుగు మిల్లీమీటర్లయినా వెడల్పులేని టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. శబ్దనాణ్యతలో అది ఎల్పీని మించినదేమీ కాదు. దాని విప్లవం మరొకచోట ఉంది. పళ్లెం అచ్చువేయడానికి కర్మాగారం కావాలి. కాసెట్ నకలు తీయడానికి రెండు గూళ్ల టేప్‌రికార్డరు చాలు. 1980లలో దేశమంతటా పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం కూలిన తీరును పీటర్ మాన్యుయెల్ 1993 నాటి తన గ్రంథంలో వివరించారు. ఆయన క్షేత్రం ఉత్తర భారతం. తెలుగు నేలపై ఈ మార్పుకు రాజకీయ ముఖం కూడా ఉంది. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పాటలు సభల్లో, కరపుస్తకాల్లోనే కాక కాసెట్లలోనూ తిరిగాయి. గద్దర్ అజ్ఞాతంలో ఉన్న కాలంలో మనిషి రాలేని ఊరికి గొంతు వచ్చింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం నాటికి కాసెట్ వెనుకబడి సీడీ వచ్చింది. పాట మాత్రం అదే దారుల్లో నడిచింది.

పాతబస్తీ ధ్వనిపటంలోకి వచ్చింది ఈ దశలోనే. పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ కవ్వాలీలు, నాత్‌లు, మొహర్రం నోహాలు, 1962లో ఏర్పడిన జిందాదిలానె హైదరాబాద్ జరిపిన హాస్య ముషాయిరాలు కాసెట్ల మీద ఇంటింటికీ చేరాయి. దక్కనీ మాటతీరు పుస్తకాల్లో అరుదు, వినోదపు కాసెట్లలో విస్తారం. 2005లో వచ్చిన ది అంగ్రేజ్, 2006లో వచ్చిన హైదరాబాద్ నవాబ్స్ చిత్రాలు ఆ మాటతీరునే పెట్టుబడిగా చేసుకున్నాయి. ఈ సామగ్రి ఉర్దూ వారిదని తెలుగు శాఖలు, హాస్యమని ఉర్దూ శాఖలు పక్కన పెట్టాయి. ఒకే నగరంలో పుట్టిన ధ్వనిని రెండు శాఖలూ వదిలేసిన ఉదాహరణ ఇంతకంటే స్పష్టమైనది నాకు కనిపించలేదు.

5. బహదూర్‌పురాలో ఒక గది

కంప్యూటరు వచ్చాక టేపు కూడా అక్కరలేకపోయింది. ఒక మైకు, ఒక సౌండ్‌కార్డు, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఉంటే ఇంట్లో గది స్టూడియో అవుతుంది. అయితే గది ఎక్కడుందన్నది చిన్న విషయం కాదు.

బహదూర్‌పురా పాతబస్తీకి పడమటి అంచు. ఒక పక్క మీర్ ఆలం చెరువు, 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల. మరో పక్క పురానాపూల్ నుంచి ఆరాంఘర్ మీదుగా బెంగళూరు వైపు పోయే రహదారి. 2022లో బహదూర్‌పురా కూడలి మీద, 2025 జనవరిలో జూపార్కు నుంచి ఆరాంఘర్ వరకు పైవంతెనలు వచ్చాయి. వాహనాల రొద నేల నుంచి రెండో అంతస్తు ఎత్తుకు లేచింది. చిన్న స్టూడియోలు అద్దెకు తీసుకునేది సాధారణంగా ఆ ఎత్తులోని గదులనే.

శ్రవ్యపుస్తకానికి సంగీతం కంటే నిశ్శబ్దం ఎక్కువ కావాలి. పాటలో వాద్యాలు గది రొదను కప్పేస్తాయి. ఒంటరిగా చదివే గొంతు వెనుక ఫ్యాను చప్పుడు కూడా దాగదు. అంతర్జాతీయ శ్రవ్యపుస్తక వేదికల్లో పెద్దదైన ఆడిబుల్ తన ఏసీఎక్స్ విభాగానికి అందే ముద్రణల్లో నేపథ్య శబ్దం మైనస్ 60 డెసిబెల్స్ మించరాదని, గొంతు శిఖరం మైనస్ 3 దాటరాదని నియమం పెట్టింది. ఆ మొదటి అంకె రహదారి పక్క గదికి గడ్డుపరీక్ష. గోడలకు నురుగు పలకలు అంటిస్తే సరిపోతుందని చాలామంది భ్రమపడతారు. పలకలు గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, బయటి లారీని ఆపలేవు. బయటి శబ్దాన్ని ఆపడానికి బరువు కావాలి. మందమైన గోడ, రెండు తలుపులు, సందులేని కిటికీ ఉండాలి. వీటిని అద్దె గదిలో పెట్టడం కష్టం కనుక కిటికీ ఇటుకలతో మూసి, తలుపుకు బొంతలు వేలాడదీసి, మిగిలినదాన్ని గడియారానికి వదిలేస్తారు. అంటే రాత్రి చదువుతారు. రాత్రి పదకొండు దాటాక, తెల్లవారి అజాన్‌కు ముందు దొరికే నాలుగైదు గంటలే పాతబస్తీలో వాచకుడి పనిదినం. బోనాల వారంలోనూ మొహర్రం తొలి పదిరోజుల్లోనూ అదీ దొరకదు. జంతు ప్రదర్శనశాల సింహం గర్జించినా ముద్రణలో తక్కువ పౌనఃపున్యాల వద్ద ఒక మచ్చ పడుతుంది. 80 హెర్ట్జ్ కింది ధ్వనిని కోసేసే వడపోతతో దానిలో కొంత భాగాన్ని తొలగించవచ్చు. లారీ హారనును అలా తొలగించలేం. అది గొంతు ఉండే చోటే ఉంటుంది.

శ్రమ కూడా వినేవారు ఊహించేంత చిన్నది కాదు. ఒక గంట వినదగిన శబ్దం తయారు కావడానికి చదవడం, తప్పు దొర్లినచోట తిరిగి చదవడం, ఊపిరులు, నాలుక చప్పుళ్లు సర్దడం, మూలంతో పోల్చి మళ్లీ మొత్తం వినడం కలిసి అనేక గంటలు పడుతుంది. మధ్యాహ్నం చదివిన వాక్యాన్ని రాత్రి సరిదిద్దితే గొంతు రంగు మారి అతుకు తెలిసిపోతుంది. పాటకు, ప్రకటనకు గంటల లెక్కన అద్దె చెల్లించేవారున్నారు. పది గంటల నవలకు అలా చెల్లించే ప్రచురణకర్త తెలుగులో అరుదు. అందుకే చిన్న స్టూడియో యజమాని పెళ్లిపాటలు, భక్తిగీతాలు, ఎన్నికల ప్రచారపు మాటలతో అద్దె కట్టి, మిగిలిన రాత్రుల్లో పుస్తకం చదివిస్తాడు.

6. గది చేసే పాఠపరిష్కరణ

తెలుగు విభాగాలకు అసలు ఆసక్తి కలగవలసిన అంశం ఇది. అచ్చు పుస్తకం అనేక ప్రశ్నలను తేల్చకుండా వదిలేయగలదు. గొంతుకు ఆ వెసులుబాటు లేదు.

వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి నవలనే తీసుకుందాం. నిజాం కాలపు తెలంగాణ పల్లెను చిత్రించిన ఆ నవలా ప్రపంచంలో పరిపాలన ఉర్దూలో, బతుకు తెలుగులో నడుస్తాయి. అటువంటి రచనలో జొన్న, జీవితం, జమీన్ అనే మూడు మాటలు ఎదురైతే తెలుగు లిపి మూడింటికీ ఒకే జకారాన్ని ఇస్తుంది. మొదటిది దంత్యం, రెండవది తాలవ్యం, మూడవది తెలుగు వర్ణమాలలో లేని ఊష్మం. జాగీరు అన్నప్పటి జకారం మళ్లీ తాలవ్యమే. ఖజానా, ఫర్మానా వంటి మాటల్లోని ఖ, ఫ ఉర్దూ మూలంలో మన మహాప్రాణాలు కావు. కంఠం దగ్గర, పెదవి దగ్గర ఒరుసుకునే ధ్వనులు. బహదూర్‌పురాలో పెరిగిన వాచకుడు వీటిని ఆలోచించకుండానే వేరు చేస్తాడు. కోస్తా జిల్లాల వాచకుడు ఫర్మానాను మన మహాప్రాణంగా పలికితే మైకు మీద గాలి దెబ్బ పడుతుంది, ముందు గుడ్డ తెర పెట్టవలసి వస్తుంది. ఇద్దరిలో ఎవరు సరి? సమాధానం తేలిక కాదు. నవలలోని దేశ్‌ముఖ్ నోట ఒక ఉచ్చారణ, జీతగాడి నోట మరొకటి ఉండటమే చారిత్రకంగా ఉచితం. జీతగాడు ఖజానాను కజానా అనే అంటాడు. అచ్చులో రచయిత రెండుచోట్లా ఒకే వర్ణక్రమం వాడి ఉంటే ఆ భేదాన్ని నిర్ణయించేది వాచకుడు, అతని ఎదుట హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న స్టూడియో మనిషి. ప్రాచీన కావ్యానికి పాఠాంతరాలను పరిశీలించి ఒకదాన్ని స్వీకరించే పరిష్కర్త చేసే పనికి ఇది దగ్గరి చుట్టం. తేడా ఏమిటంటే పరిష్కర్త అడుగున పాఠాంతరాలు ఇస్తాడు, పీఠిక రాస్తాడు. వాచకుడి నిర్ణయాలకు పీఠిక లేదు.

ఆకాశవాణి దశాబ్దాలపాటు ఒక ప్రామాణిక ఉచ్చారణను పోషించింది. అది చేసిన మేలును తక్కువ చేయనక్కరలేదు. కానీ ఆ ప్రమాణంలో తెలంగాణ మాట ఎక్కువగా గ్రామీణుల కార్యక్రమానికో, హాస్యానికో పరిమితమైంది. ఏ సంస్థ ప్రమాణానికీ లోబడని చిన్న స్టూడియోలో ఆ మాట కథనస్వరం కాగలదు. స్వతంత్రత అనే మాటకు ఇక్కడ ఉన్న అర్థం ఇదే. దానిలో ప్రమాదం కూడా ఉంది. సరిదిద్దే వారెవరూ లేనందువల్ల తప్పులు కూడా స్వతంత్రంగా నిలిచిపోతాయి. వినసొంపైన ముద్రణల్లో పద్యాల యతిస్థానాలు విరిగిన సందర్భాలు, సమాసాలను అర్థం చెడేలా విడదీసిన సందర్భాలు నేను విన్నవే తక్కువ కాదు. తెలుగు చదివిన పట్టభద్రులకు ఈ గదుల్లో పని ఉందని మన శాఖలు గుర్తించకపోవడం విచిత్రం.

7. ఎవరికి అవసరం

శ్రవ్యపుస్తకాన్ని ప్రయాణంలో కాలక్షేపంగా చూడటం ఇటీవలి అలవాటు. అమెరికాలో 1934లో, ఇంగ్లాండులో 1935లో మాట్లాడే పుస్తకాలు మొదలైంది చూపులేని పాఠకుల కోసం. తెలుగులో ఆ అవసరం మరింత తీవ్రం. తెర మీది అక్షరాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు యూనికోడ్ పాఠాన్ని మాత్రమే గుర్తిస్తాయి. మన పాఠ్యపుస్తకాలు, విమర్శ గ్రంథాలు చాలావరకు అను వంటి పాత ఖతుల్లో కూర్చినవి. వాటి పీడీఎఫ్‌ను ఆ సాఫ్ట్‌వేరుకు ఇస్తే అర్థంలేని రోమన్ అక్షరాల గోల వినిపిస్తుంది. చూపులేని విద్యార్థి ఎం.ఏ. తెలుగులో చేరితే సహాధ్యాయి ఫోనులో చదివి పంపిన పాఠమే అతనికి గ్రంథాలయం. తరగతి గదిలో ఈ స్థితిని చూసిన అధ్యాపకులెవరికీ ఇది అతిశయోక్తిగా తోచదు.

చట్టం ఇక్కడ అనుకూలంగానే ఉంది. 2012 సవరణ తర్వాత మన కాపీరైటు చట్టం వికలాంగులకు అందుబాటులో ఉండే రూపంలోకి రచనను మార్చడానికి మినహాయింపు ఇచ్చింది. అదే ఉద్దేశంతో 2013లో కుదిరిన మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. సాధారణ పాఠకులకు అమ్మే ముద్రణకు మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. చలం రచనలకు 2039 చివరిదాకా, విశ్వనాథ రచనలకు 2036 చివరిదాకా అనుమతి కావాలి. గురజాడ, సురవరం, ఉన్నవ రచనలకు అక్కరలేదు. వాచకుడికి కూడా ప్రదర్శకుడిగా 50 ఏళ్ల హక్కు ఉందని, తన గొంతును వికృతం చేస్తే అభ్యంతరపెట్టే నైతిక హక్కు ఉందని చాలామంది వాచకులకు తెలియదు. రాత్రంతా చదివి, ఏకమొత్తంగా కొద్ది డబ్బు తీసుకుని, కాగితం లేకుండా ఇంటికి పోతున్నారు. గొంతు నమూనాతో కృత్రిమ గొంతును తయారుచేయగల ఈ కాలంలో ఆ కాగితం లేకపోవడం పదేళ్ల కిందటి కంటే ఖరీదైన పొరపాటు.

8. నిక్షేపం

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త పుస్తకపు ప్రతులను కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, నిర్దేశిత గ్రంథాలయాలకు పంపాలి. ఆ చట్టం పుస్తకాలకు, పత్రికలకు పరిమితం. ధ్వనిముద్రణకు అటువంటి నిర్బంధం లేదు. 1982లో ఏర్పడి నేడు గురుగ్రామ్‌లో ఉన్న సంగీత పరిశోధనా ధ్వనిభాండారం వంటివి పరిశోధకుల సేకరణలను కాపాడుతున్నాయి. ఈమాట పత్రిక పాత రేడియో ముద్రణలను వెతికి వినిపిస్తున్నది. ఇవి వ్యక్తుల పూనికతో నడిచేవి. చిన్న స్టూడియో ముద్రణలు వీటికి చేరే దారి లేదు. కాసెట్ల మీది పూత తేమకు బూజుపట్టి రాలుతుంది. హార్డ్‌డిస్కు ఒక ఉదయం తిరగడం మానేస్తుంది. గది అద్దె పెరిగి స్టూడియో మూతపడితే కంప్యూటరును సెకండ్‌హాండు దుకాణంలో అమ్మేముందు దానిలోనిదంతా తుడిచేస్తారు.

ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, తానే పుస్తకాలు మోసుకుని ఊరూరా అమ్మారు. ఆయన సంస్థ చిన్నదే. అయినా ఏ పుస్తకం వేశారో నేడు చెప్పగలుగుతున్నాం, ఎందుకంటే అచ్చు పుస్తకంలో ప్రచురణకర్త పేరు, సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల ఉంటాయి. శ్రవ్యపుస్తకంలో రచయిత పేరు, ఒక్కోసారి వాచకుడి పేరు వినిపిస్తాయి. ఏ ప్రతిని చదివారు, ఏ గదిలో, ఏ సంవత్సరం, ఎవరు సరిచూశారు, ఏ భాగాలు వదిలేశారు అన్నవి ఉండవు. కళాశాలల తెలుగు శాఖలు తమ పరిధిలోని స్టూడియోల నుంచి ఈ వివరాలను ఒక్కో పుటలో రాయించుకుని, ముద్రణ నకలును కళాశాల గ్రంథాలయంలో ఉంచుకోవచ్చు. దీనికి నిధులు పెద్దగా అవసరం లేదు. ఎం.ఏ. విద్యార్థుల ప్రాజెక్టు పనిగా చేయించవచ్చు. ఆళ్వారుస్వామి 1961 ఫిబ్రవరిలో మరణించారు గనుక 2022 జనవరి 1 నుంచి ఆయన రచనలను ఎవరైనా చదివి ముద్రించవచ్చు. ప్రజల మనిషిని పాతబస్తీ గొంతులో ఒకటి, నిజామాబాదు గొంతులో ఒకటి, ఆకాశవాణి పద్ధతిలో ఒకటి చదివించి, పై వివరాల పుటతో సహా పక్కపక్కన భద్రపరిస్తే, ఈ వ్యాసంలో ఉచ్చారణ గురించి చేసిన ప్రతిపాదనను అంగీకరించడానికైనా ఖండించడానికైనా తగిన సామగ్రి సమకూరుతుంది.